34వ వారం: పొద్దుటి నుంచి బిడ్డ కదలిక తగ్గింది, రేపటిదాకా ఆగొచ్చా?

పాలకొల్లు_పిల్ల · గురువారం రాత్రి 8:10

అందరికీ నమస్తే. నాకిది మొదటి కాన్పు. సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చాను, మా ఆయన బెంగళూరులో ఉన్నారు. రోజూ రాత్రి భోజనం చేసి నడుం వాల్చగానే బిడ్డ ఒకటే తన్నుడు. ఇవాళ భోజనం అయ్యి గంట దాటింది, ఏమీ లేదు. పొద్దుటి నుంచీ అంతే. మధ్యాహ్నం చిన్నగా కదిలినట్టు అనిపించింది గానీ అది కదలికో గ్యాసో తెలియలేదు. నెలలు నిండేకొద్దీ లోపల చోటు తగ్గుతుంది, తక్కువే కదులుతారని అమ్మ అంటోంది. నొప్పి లేదు, బ్లీడింగ్ లేదు. ఎలాగూ రేపు చెకప్ ఉంది. అప్పటిదాకా ఆగొచ్చా? ఊరికే టెన్షన్ పడుతున్నానా?

సుజాతమ్మ · 8:19

భయపడకు తల్లీ. చల్లటి నీళ్లలో పంచదార కలుపుకుని తాగు, ఎడమ పక్కకి తిరిగి పడుకో. బిడ్డ లేచి తంతుంది. మా రోజుల్లో ఇవన్నీ ఎవరు లెక్కపెట్టారు? ఆడపిల్ల అయితే నెమ్మదిగానే ఉంటుంది కూడా.

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 8:27

పిన్నిగారూ, పంచదార నీళ్లు తాగితే తాగొచ్చు, దోషమేం లేదు. అది తాగి పొద్దున దాకా చూద్దాం అనుకోవడమే ప్రమాదం. ఆడో మగో అన్నదానికీ దీనికీ సంబంధమే లేదు.

చెల్లీ, నేను లేబర్ రూమ్‌లో చేస్తాను. సూటిగా చెప్తాను, కంగారు పడకు. కాస్త తక్కువగా కదిలినట్టు అనుమానం వస్తే ఎడమ పక్కకి పడుకుని, ఫోను, టీవీ ఆపేసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని 2 గంటలు గమనించమంటాం. తన్నినా, దొర్లినా, ఒత్తిగిల్లినా ఒక్కొక్కటీ లెక్కే. టుక్కు టుక్కుమని ఒకే లయలో వచ్చేవి ఎక్కిళ్లు, వాటిని కలపకూడదు. 2 గంటల్లో 10 రాకపోతే బయలుదేరాలి. కానీ నువ్వు ఆ దశ దాటేశావు. పొద్దుటి నుంచీ తగ్గింది, రోజూ తన్నే వేళకి కూడా తన్నలేదు అని నువ్వే రాశావు. ఇక కూర్చుని లెక్కపెట్టొద్దు. ఈ రాత్రికే వెళ్లు.

పాలకొల్లు_పిల్ల · 8:33

అక్కా, మా ఊరి పీహెచ్‌సీలో ఈ టైముకి డాక్టరు ఉండరు. నాన్న బైకు మీద తీసుకెళ్తానంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి?

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 8:36

పీహెచ్‌సీకి వద్దు. గైనకాలజిస్టు, ఎన్‌ఎస్‌టీ మెషీను (బిడ్డ గుండె నడకని గ్రాఫు తీసేది), ఆపరేషన్ థియేటరు మూడూ ఉన్న చోటికి వెళ్లాలి. ఏరియా ఆసుపత్రి గానీ, నువ్వు చూపించుకునే ప్రైవేటు హాస్పిటల్ గానీ. ముందు ఫోన్ చేసి "34 వారాలు, కదలికలు తగ్గాయి" అని ఆ రెండు ముక్కలే చెప్పు. బైకు వద్దు, ఆటో లేకపోతే 108కి కొట్టు. మాతా శిశు రక్షణ కార్డు, పాత స్కాన్ రిపోర్టులు, ఆధార్ ఒక కవర్లో పెట్టుకో.

డా_గైనిక్_విజయవాడ · 8:52

ఆమె బయలుదేరి ఉంటుంది కాబట్టి మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. "చోటు తగ్గుతుంది, అందుకే కదలరు" అనేది ప్రతి ఓపీలోనూ వింటాను. అది నిజం కాదు. కదలికలు 32వ వారం దాకా పెరుగుతాయి, ఆ తర్వాత కాన్పు దాకా దాదాపు అదే స్థాయిలో ఉంటాయి. తీరు మారుతుంది. ఫట్‌మని తన్నడం తగ్గి, దొర్లడం, నెట్టడం ఎక్కువవుతుంది. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి.

బిడ్డ నిద్రపోతుంది, నిజమే. మామూలుగా ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు. గంటన్నర దాటడం అరుదు. కాబట్టి "పొద్దుటి నుంచి పడుకుంది" అనేది ఉండదు.

కదలికనే ఎందుకు ఇంతలా పట్టుకుంటామంటే, మాయ నుంచి ఆక్సిజన్ సరిగ్గా అందనప్పుడు బిడ్డ ముందు తగ్గించుకునేది కదలికనే. చేతిలో డబ్బు తగ్గిన ఇల్లు ముందు సినిమాలు మానేస్తుంది, బియ్యం కొనడం చివరిదాకా మానదు. గుండె, మెదడు ఆ బియ్యం లాంటివి. గుండె స్పందనలో తేడా కనిపించేసరికి పరిస్థితి చాలా దూరం వెళ్లి ఉండవచ్చు. తల్లికి మాత్రం అంతకు ముందే తెలుస్తుంది, ఏ మెషీనూ లేకుండా.

కరీంనగర్_నాన్న · 9:15

డాక్టర్ గారూ, నేను ఆన్‌లైన్‌లో బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ మెషీన్ కొన్నాను. మా ఆవిడకి అనుమానం వచ్చినప్పుడల్లా పెట్టి వింటాం. 140 చూపిస్తుంది. 110 నుంచి 160 నార్మల్ అంటారు కదా, అది సరిపోదా అండి?

డా_గైనిక్_విజయవాడ · 9:24

సరిపోదండి. ఆ మెషీను చెప్పేది ఒక్కటే: ఈ క్షణంలో గుండె కొట్టుకుంటోందని. బిడ్డ బాగుందో లేదో చెప్పదు. మేము చూసేది అంకెను కాదు, 20 నిమిషాల పాటు ఆ గుండె ఎలా నడుస్తోందో. 32 వారాలు దాటిన బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం కనీసం 15 పెరిగి, 15 సెకన్లు నిలబడాలి. 20 నిమిషాల్లో అలా రెండుసార్లు కనిపిస్తే రియాక్టివ్, అంటే గ్రాఫు బాగుంది అంటాం. నిద్రలో ఉంటే ఇంకో 20 నిమిషాలు చూస్తాం. పైగా ఇంట్లో వినేది చాలాసార్లు మాయలో రక్తం పారే చప్పుడో, తల్లి గుండె చప్పుడో అయి ఉంటుంది. కంగారులో ఉన్న తల్లి గుండె 120 కూడా కొడుతుంది. ఆ అంకె చూసి ఆగిపోయిన వాళ్లని చూశాను. నా సలహా, దాన్ని అటక మీద పెట్టండి.

లెస్టర్_నుంచి · 9:40

ఇక్కడ యూకేలో ఇద్దరు పిల్లల్ని కన్నాను. మెటర్నిటీ యూనిట్లలో ట్రయాజ్ అని 24 గంటల ఫోన్ లైన్ ఉంటుంది. అర్ధరాత్రి కదలికలు తగ్గాయని ఫోన్ చేస్తే "వచ్చేయండి" అంటారు, ఎందుకొచ్చావని ఎవరూ విసుక్కోరు. మిడ్‌వైఫ్ నాకు చెప్పింది, పదో కాదో అన్నది కాదు, నీ బిడ్డకి ఒక అలవాటు ఉంటుంది, అది మారిందా అన్నదే చూడమని. మా పెద్దాడు పొద్దున పూట అస్సలు కదిలేవాడు కాదు, రాత్రంతా సర్కస్.

తిరుపతి_కోడలు · 9:47

మా డాక్టరమ్మ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తిన్నాక గంట చొప్పున లెక్కపెట్టమంది. గంటకి 3 రావాలంది. అది వేరే పద్ధతా?

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 9:51

మన దగ్గర ఎక్కువ చోట్ల అదే చెప్తాం. ఆ మూడింటినీ కూడి 4తో గుణిస్తే 12 గంటల లెక్క వస్తుంది, అది 10 కంటే తగ్గకూడదు. ఏ పద్ధతి అయినా ఫరవాలేదు, మీ డాక్టరు చెప్పింది పాటించండి.

వరంగల్_వాస్తవం · 10:20

అందరూ వెళ్లు వెళ్లు అంటున్నారు, రెండో వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5. ఆంధ్రలో మొత్తం మీద 42.4. ఇంతమంది బిడ్డలకీ కడుపులో ఇబ్బంది వచ్చిందా? మా ఇంట్లో కూడా "బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది, పేగు మెడకి చుట్టుకుంది, వెంటనే సంతకం పెట్టండి" అన్నారు. తీరా బిడ్డ పుట్టగానే ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చాడు. ఆ ఇబ్బంది ఎక్కడ పోయింది? ఇంకోటి, ఈ కదలికల ప్రచారం మీద బ్రిటన్, ఐర్లాండ్ ఆసుపత్రుల్లో 4 లక్షలకు పైగా కాన్పులతో అఫర్మ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, 2018లో లాన్సెట్‌లో వచ్చింది. కడుపులో చనిపోయే బిడ్డల సంఖ్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. దీనికేమంటారు డాక్టర్ గారూ?

డా_గైనిక్_విజయవాడ · 10:58

మంచి ప్రశ్న. అంకెలు సరైనవే, అధ్యయనమూ సరైనదే. అయితే అది పోల్చింది, ప్రత్యేకంగా ప్రచారం చేసి, ఒకే పద్ధతిలో చికిత్స చేసిన ఆసుపత్రులని, అది మొదలుకాక ముందు మామూలుగా నడిచిన రోజులతో. ఆ మామూలు రోజుల్లో కూడా ఫోన్ చేస్తే రమ్మనేవాళ్లు. కదలిక తగ్గినా ఇంట్లోనే ఉండొచ్చని అది ఎక్కడా చెప్పలేదు.

బిడ్డ గట్టిగా ఏడ్చాడు కాబట్టి అబద్ధం అనే మాట గురించి. బిడ్డ గుండె గ్రాఫు తీసే సీటీజీ మెషీను "బాగుంది" అంటే చాలావరకు నమ్మొచ్చు. "బాగాలేదు" అంటే మాత్రం అంత గట్టిగా నమ్మలేం, చాలాసార్లు బిడ్డ బాగానే పుడుతుంది. ఇది మా వైద్యంలోని నిజమైన లోపం, దాచాల్సిన పని లేదు. సమయానికి తీశాం కాబట్టి ఏడ్చాడా, తీయకపోయినా ఏడ్చేవాడా అన్నది ఒక్క బిడ్డను చూసి ఎవరూ తేల్చలేరు. ఈ సందు చూసుకుని ఆ మాటను వాడుకునేవాళ్లు లేరని నేను అనను. ముహూర్తానికి కోయించుకుని రికార్డులో ఇంకేదో రాయించుకునే కుటుంబాలూ ఉన్నాయి, అది వేరే కథ.

పేగు మెడకు చుట్టుకోవడం గురించి భయం వద్దు. నలుగురైదుగురిలో ఒకరికి ఉంటుంది, ఎక్కువమంది మామూలుగానే పుడతారు. స్కాన్‌లో కనిపించిందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు.

మీరు అడగాల్సినవి అడగండి: గ్రాఫులో ఏం కనిపించింది, గుండె వేగం ఒక్కసారి పడి లేచిందా, ప్రతి నొప్పి తర్వాతా ఆలస్యంగా పడుతోందా? నొప్పుల డ్రిప్ ఆపారా, పక్కకి తిప్పి పడుకోబెట్టారా, తర్వాత కోలుకుందా? ఉమ్మనీరు రంగు ఏంటి? పూటంతా చర్చ పెట్టకండి, రెండు నిమిషాల్లో జవాబు చెప్పగల డాక్టరు దగ్గర ఈ ప్రశ్నలకు జవాబు ఉంటుంది. కానీ ఇదంతా ఆసుపత్రిలో అడగాల్సింది. ఆసుపత్రి మీద అనుమానంతో ఇంట్లో ఆగిపోతే అడగడానికి ఏమీ మిగలదు.

వరంగల్_వాస్తవం · 11:06

చివరి మాట ఒప్పుకుంటున్నా. గ్రాఫ్ కాపీ అడిగితే ఇస్తారా అన్నది చూడాలి మరి.

మౌనంగా_చదివేదాన్ని · 11:20

ఎప్పుడూ ఇక్కడ రాయలేదు. మా అక్కకి 38వ వారంలో కదలిక ఆగినట్టు అనిపించింది. మర్నాడు అమావాస్య, ఎల్లుండి పోదాం అన్నారు పెద్దవాళ్లు. వెళ్లేసరికి గుండె చప్పుడు లేదు. ముందు రోజు వెళ్లి ఉంటే దక్కేదా అంటే డాక్టరు కూడా చెప్పలేనన్నారు. ఎవరినీ అనడానికి కాదు, ఆ అమ్మాయి వెళ్లిందో లేదో కనుక్కుందామని రాశాను.

పాలకొల్లు_పిల్ల · శుక్రవారం 12:35

వెళ్లానండి, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాను. పొట్టకి రెండు బెల్టులు కట్టారు, చేతికి ఒక బటన్ ఇచ్చి కదిలినప్పుడల్లా నొక్కమన్నారు. మొదటి 20 నిమిషాలు ఏమీ లేదు, నాకు చేతులు చల్లబడిపోయాయి. తర్వాత మేడం పొట్ట మీద చిన్న బజర్ లాంటిది పెట్టారు, బిడ్డ ఒక్క ఉదుటున లేచింది! తర్వాత గ్రాఫ్ బాగానే వచ్చింది. బీపీ 130/84. స్కాన్‌లో ఉమ్మనీరు 9, అంటే సరిపడానే ఉందట, మాయ ముందు గోడకి ఉందట. ఇంటికి పంపిస్తున్నారు. మళ్లీ తగ్గితే మళ్లీ రమ్మన్నారు. సుజాతమ్మ గారూ, మీ మీద కోపం లేదండి, నీళ్లు తాగే వెళ్లాను.

సుజాతమ్మ · శుక్రవారం ఉదయం 6:05

చల్లగా ఉండు తల్లీ. వెళ్లడమే మంచిదైంది.

రాజమండ్రి_అమ్మ · శుక్రవారం ఉదయం 10:12

ఇదే చోట అడుగుతున్నా. నాకు 35 వారాలు. రాత్రుళ్లు అరిచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద. దద్దుర్లేమీ లేవు. కొబ్బరినూనె రాస్తున్నా. కదలికలు బాగానే ఉన్నాయి. వేడి చేసిందా?

డా_గైనిక్_విజయవాడ · 1:40

వేడి కాదమ్మా. దద్దుర్లు లేకుండా అరిచేతులు, అరికాళ్లలో దురద, అదీ రాత్రుళ్లు ఎక్కువైతే లివర్‌లో పైత్యరసం సరిగ్గా పారకపోవడం కావచ్చు. లివర్ పరీక్ష, బైల్ ఆమ్లాల రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ ఆమ్లాలు బాగా పెరిగితే కదలికలు బాగున్నా బిడ్డకి ముప్పు ఉంటుంది. ఇవాళో రేపో చూపించుకోండి.

ఈ సందర్భంగా మిగతా గుర్తులూ చెప్పేస్తాను. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పైకడుపులో నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాచడం, ఇవన్నీ బీపీ గుర్తులు. పొట్ట చెక్కలా గట్టిపడి వదలకుండా నొప్పి ఉంటే, రక్తస్రావం కనిపించినా కనిపించకపోయినా, మాయ విడిపోతుండవచ్చు. అది నిమిషాలతో పని.

తిరుపతి_కోడలు · 2:15

ఉమ్మనీరు పచ్చగా పోతే?

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 2:30

బిడ్డ లోపలే మలం పోసిందని అర్థం. నూటికి 10, 15 కాన్పుల్లో కనిపిస్తుంది, డేటు దాటినవాళ్లలో ఎక్కువ. ప్రతిసారీ బిడ్డ ఇబ్బందిలో ఉందని కాదు, కానీ ఇంట్లో ఒక్క నిమిషం ఆగకూడదు. ఆ ప్యాడ్ పారేయకుండా కవర్లో వేసి తెచ్చి మాకు చూపించండి, రంగు మీరు చెప్పేకంటే మేం చూస్తే నయం. నీళ్లు పోయాక కింద ఏదో తాడులా జారినట్టు తగిలితే దాన్ని లోపలికి నెట్టొద్దు, లాగొద్దు. మోకాళ్లు, మోచేతుల మీద వంగి నడుం ఎత్తి ఉంచి 108కి ఫోన్ చేయించండి.

పాలకొల్లు_పిల్ల · 37వ వారం, సోమవారం మధ్యాహ్నం 3:05

మళ్లీ నేనే. నిన్న రాత్రి నుంచి మళ్లీ తగ్గింది. ఈసారి ఇంట్లో ఎవరూ కదలడం లేదు. పోయినసారి ఏమీ లేదన్నారు కదా, ఊరికే డబ్బులు దండగ అంటున్నారు. నాకూ మళ్లీ వెళ్లాలంటే మొహమాటంగా ఉంది, అదే డాక్టరమ్మ డ్యూటీలో ఉంటారు.

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 3:09

రెండోసారి తగ్గిందంటే మొదటిసారి కంటే జాగ్రత్తగా చూస్తాం మేము. మొహమాటం మాకేం ఉండదు. అన్నట్టు, ప్రభుత్వ ఆసుపత్రిలో స్కాను, పరీక్షలు, కాన్పు, సిజేరియన్ అయినా సరే, జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. దండగ మాట అక్కడితో సరి. బయలుదేరావా?

డా_గైనిక్_విజయవాడ · 3:31

పోయినసారి గ్రాఫ్ బాగుండటం ఆ రోజుకి సంబంధించిన మాట. ఇవాళ్టికి అది చెల్లదు. బీపీ, యూరిన్‌లో ప్రోటీన్, బిడ్డ ఎదుగుదల, బొడ్డుతాడులో రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ ఈ నాలుగూ చూడమని అడుగు.

పాలకొల్లు_పిల్ల · ఆ వారం శనివారం రాత్రి 9:20

ఇప్పటికి తీరిక దొరికింది. పాప పుట్టింది. 2.1 కిలోలు.

ఆ రోజు వెళ్లేసరికి బీపీ 152/100, యూరిన్‌లో ప్రోటీన్. డాక్టర్ గారు చెప్పిన నాలుగూ చూశారు. బిడ్డ ఎదుగుదల వెనకబడిందట, ఉమ్మనీరు 4కి పడిపోయింది, డాప్లర్‌లో రక్తప్రసరణ కూడా తగ్గిందన్నారు. ఇంక లోపల ఉంచడం కంటే బయట ఉంటేనే మంచిదని నొప్పులు తెప్పించారు. డ్రిప్ పెట్టాక గ్రాఫ్ పడటం మొదలైంది. నాకు వరంగల్ అన్న గారి గొడవ గుర్తొచ్చి, మా ఆయన చేత అడిగించాను. మేడం కాగితం ముందు పెట్టి చూపించారు: ఇదిగో నొప్పి ఇక్కడ, గుండె పడింది ఇక్కడ, ప్రతిసారీ నొప్పి తగ్గాకే లేస్తోంది. డ్రిప్ ఆపి, ఎడమ పక్కకి తిప్పి, సెలైన్ పెట్టారు. కాసేపు బాగానే ఉంది, మళ్లీ పడింది. అప్పుడు సంతకం పెట్టాం. అంతా రెండు మూడు నిమిషాల మాటలే.

పాప మొదట సన్నగా ఏడ్చింది. షుగర్ తగ్గుతుందేమోనని ఎస్‌ఎన్‌సీయూలో (పసిబిడ్డల ప్రత్యేక వార్డు) ఉంచి చూశారు, ఇప్పుడు నా గుండెల మీదే పడుకోబెట్టి కంగారూ కేర్ చేయిస్తున్నారు. పాలు పడుతున్నాయి. నా బీపీ మాత్రలు ఇంకా నడుస్తున్నాయి, డిశ్చార్జి అయ్యాక తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి పంపిస్తామన్నారు.

వరంగల్_వాస్తవం · 9:48

చాలా సంతోషం చెల్లెమ్మా. కాగితం చూపించి చెప్పిన డాక్టరమ్మకి దండం.

డా_గైనిక్_విజయవాడ · 10:05

శుభాకాంక్షలు. కాన్పు అయ్యాక కూడా బీపీ పెరగవచ్చు. తలనొప్పి, కళ్లు మసకలు వస్తే మళ్లీ వెళ్లాలి, ఇంటికి వచ్చేశాం కదా అని ఊరుకోవద్దు. వచ్చే కాన్పులో మొదటి మూడు నెలల్లోనే డాక్టరుకి ఈ సంగతి చెప్పు, చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

కొత్త_సభ్యురాలు_నల్గొండ · ఆదివారం ఉదయం 7:30

ఈ థ్రెడ్ అంతా చదివి భయమేస్తోంది. నాకు 21 వారాలు, మొదటి కాన్పు. ఇప్పటిదాకా ఒక్క కదలిక కూడా తెలియలేదు. ఇవాళే ఎమర్జెన్సీకి వెళ్లాలా?

స్టాఫ్‌నర్స్_ఏలూరు · 8:15

వద్దమ్మా, నీకు ఇంకా టైం ఉంది. మొదటి కాన్పులో 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, కొందరికి ఇంకాస్త ఆలస్యం అవుతుంది. నీ స్కాన్ రిపోర్టులో మాయ ముందు గోడకి, అంటే యాంటీరియర్ అని రాసి ఉంటే ఇంకా ఆలస్యంగా తెలియొచ్చు. ఈ పదీ, రెండు గంటల లెక్కలు 28 వారాల తర్వాతి సంగతి. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే అప్పుడు చూపించుకో. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్పెషలిస్టు ఉచితంగా చూస్తారు, ఈలోపు ఆ రోజున వెళ్లి గుండె చప్పుడు వినిపించుకో. ఐదో నెల స్కాన్ అయిందా?